నిప్పుకు పోని అవ్వ

మొన్న శుక్రవారం మా పక్కవాటాలో ఉండే అమ్మాయి హారతి పళ్ళెంతో వసారాలోకి వచ్చింది. గాలికి కర్పూరం బిళ్ళ జారి ఆమె చేతిమీద పడింది. దులుపుకుని నవ్వేసింది గానీ నేను ఊరుకోలేదు. మోకాళ్ళ నొప్పులు మరిచిపోయి లేచి, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని అరచెయ్యి విప్పి చూశాను. "ఏం కాలేదు టీచరమ్మా, కొంచెం ఎర్రబడింది, అంతే" అంది. నిజంగానే అంతే. కానీ ఆ సాయంత్రమంతా నాకు అవ్వే గుర్తొస్తూ ఉంది.

ఆమె పేరు చెప్పను. చెబితే ఊరి పేరు చెప్పాలి, ఊరి పేరు చెబితే ఇంకొకాయన పేరు బయటికొస్తుంది. ఆయన పేరు ఇప్పటికే ఒకసారి అన్యాయంగా నలుగురి నోళ్ళలో నానింది. మా వీధిలో చిన్నా పెద్దా ఆమెను అవ్వ అనే పిలిచేవాళ్ళు. నేనూ అంతే.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. ట్రైనింగు ముగించుకుని, ఎమ్మిగనూరుకు ఆరు మైళ్ళలో, ఆదోని దారికి కొంచెం లోపలగా ఉండే ఒక పల్లెకు మిషను బడి పంతులమ్మగా వచ్చాను. ఆదోని తాలూకా బళ్ళారి జిల్లాలోంచి విడిపోయి కర్నూలులో కలిసిన కొత్త రోజులవి. ఊరికి దక్షిణాన కూలిజనం ఉండే వీధిని గేరి అనేవాళ్ళు. బడి, నా గది, మా క్రైస్తవుల గుడి, మూడూ ఆ గేరిలోనే. గుడి అంటే నాలుగు మట్టిగోడలు, పైన బోదగడ్డి కప్పు. గేరిలో సగం ఇళ్ళవాళ్ళు ఆ గుడికి వచ్చేవాళ్ళు, మిగతా సగం ఊరి దేవత సుంకులమ్మను కొలిచేవాళ్ళు. అవ్వ ఇల్లు ఆ రెండో సగంలో, సరిగ్గా నా గదికి ఎదురుగా ఉండేది.

వచ్చిన రెండో రోజే ఆమెతో తగవైంది. నా పొయ్యి ఆరిపోయింది. ఆ రోజుల్లో పూటకో అగ్గిపుల్ల గీసేది కలిగినవాళ్ళు. మిగతావాళ్ళం పిడక ముక్క ఒకటి పట్టుకుని, ఎవరి కప్పు మీద పొగ లేస్తే వాళ్ళింటికి పోయి, నిప్పు తెచ్చుకునేవాళ్ళం. నిప్పుకు పోవడమంటే నాలుగు మాటలు మోసుకురావడం కూడా. నేను పిడక పట్టుకుని ఎదురింటి గడప దగ్గర నిలబడ్డాను. అవ్వ లోపలినుంచి వచ్చి, ద్వారానికి అడ్డంగా నిలబడింది.

"ఈడ నిప్పు ఈరమ్మా. పై ఇంటికి పో" అంది.

ఆమె వెనకాల పొయ్యి భగభగ మండుతూ ఉంది. "మండుతూనే ఉంది కదా అవ్వా" అన్నాను. ఆమె మారు మాట్లాడకుండా తలుపు దగ్గరికి వేసేసింది. నాకు ముక్కుమీద కోపం. క్రైస్తవురాలినని నన్ను చులకన చేసింది అనుకున్నాను. తెల్లవారి తలుపు తీస్తే నా గడప మీద కొత్త అగ్గిపెట్టె ఉంది. పారతో చేనుకు పోతున్న అవ్వ వెనక్కి తిరగకుండానే చెప్పింది. "దాన్ని వాడుకో పంతులమ్మా. నిప్పు మటుకు నన్నడగద్దు." రోజంతా కలుపుతీస్తే వచ్చే కూలిలో అగ్గిపెట్టె కొని ఇచ్చే మనిషికి చులకన ఎక్కడిదని నేను ఆలోచించలేదు. ఆ వయసులో నాకు అన్నీ తెలుసుననే ధీమా తప్ప ఇంకేమీ తెలియదు.

ఆమె ఎవరికీ నిప్పు ఇవ్వదనీ, ఎవరింటికీ నిప్పుకు పోదనీ తర్వాత తెలిసింది. అగ్గిపుల్లలు అయిపోతే చద్దిసంగటి తినేదట. మనిషి పొడగరి, ఎండుకట్టె. పిల్లాపీచూ లేని విధవ. కలుపుకు వంగితే మడి చివర గానీ నడుం ఎత్తేది కాదు. కుడిచెయ్యి ఎప్పుడూ పిడికిలి బిగించి ఉండేది. కొంగు సర్దుకున్నా, పిల్లల తల నిమిరినా ఎడమచేతితోనే. ఆ కుడి అరచేతిలో శనగగింజంత మచ్చ ఉందనీ, అది కర్పూరం మచ్చ అనీ గేరిలో అందరికీ తెలుసు. ఆ మచ్చ వల్లే ఆమెకు గౌరవం.

ఆ సంగతి నాకు గేరివాళ్ళు ఇలా చెప్పారు. నేను రావడానికి ఏడేళ్ళ ముందు, నడివేసవిలో, ఒక చిన్నరైతు జొన్నచొప్ప వామి పట్టపగలే కాలిపోయింది. మా సీమలో వానలు మొహం చాటేసిన ఏడాది చొప్ప వామి అంటే ఎద్దుల ప్రాణం. ఆ రైతు మేపలేక, కన్నబిడ్డల్లాంటి కాడి ఎద్దుల్ని ఎమ్మిగనూరు సంతలో వచ్చినకాడికి అమ్ముకున్నాడు. అనుమానం గేరిలోని ఒక పడుచువాడి మీదికి పోయింది. అంతకు వారం ముందే కళ్ళంలో ఆ రైతు వాడిని నలుగురిలో చెంపదెబ్బ కొడితే, వాడు "నీ వామి కాలిపోను" అని నోరు జారాడు. పెద్దలు గేరిలో అందరినీ విచారించారు. వాడు వామి వైపు పోవడం చూశానని అవ్వ చెప్పింది. చూసినదానివైతే కర్పూరం ఆర్పమన్నారు. సుంకులమ్మ కట్ట ముందర, మండే కర్పూరాన్ని పిడికిలిలో నలిపి ఆర్పింది. అబద్ధానికి ఆర్పినవాళ్ళు మూడు అమావాస్యలు దాటరని ఆ ఊళ్ళో నమ్మకం. అవ్వ మూడు దాటింది, ముప్పై దాటింది. ఆ పడుచువాడు మాత్రం పెళ్ళాంబిడ్డలతో ఊరు విడిచి, ఆదోనిలో పత్తి బేళ్ళు మోసుకుంటున్నాడు. అతని ఇంటి కప్పు కూలిపోయి, మొండిగోడల మధ్య తుమ్మచెట్టు మొలిచింది.

అప్పటినుంచి అవ్వ మాటంటే ఊళ్ళో రాతిమీద గీతే. గట్టు తగాదా వచ్చినా, కోడి పోయినా, "కర్పూరం ఆర్పి బతికిన మనిషిని అడగండి" అనేవాళ్ళు. అడగడానికి వస్తున్నారని తెలిస్తే అవ్వ కట్టెలకని గుట్టల్లోకి పోయేది, సందె వాలిందాకా వచ్చేది కాదు. ఎంత నెమ్మదిగల మనిషో అని మెచ్చుకునేవాళ్ళు. నేను కూడా ఒకసారి బడిలో పిల్లలకు ఆమెను చూపించి, సత్యం చెప్పేవాళ్ళు అలా ఉంటారని పాఠం చెప్పాను. ఆ పాఠం తలుచుకుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి.

ఒక ఆదివారం ఆరాధన అయ్యేసరికి అవ్వ గుడి బయట, గోడ నీడన కూర్చుని ఉంది. నేను చెప్పులు వేసుకుంటుంటే పిలిచింది.

"పంతులమ్మా, మీ యేసుసామి సుంకులమ్మ కన్నా పెద్దోడా?"

"అందరికన్నా పెద్దవాడు అవ్వా."

"ఆయప్ప నీడకు వస్తే ఎవురూ కొట్టల్యారా?"

ఏ దెబ్బ, ఎందుకు తగులుతుంది అని అడిగే తెలివి నాకు లేకపోయింది. ఒక ఆత్మ దొరికిందన్న సంబరంలో, "ఎవరూ కొట్టలేరు" అని ఘనంగా చెప్పాను. ఆ రోజునుంచి ఆమె ఆదివారం తప్పలేదు. పాటకు అందరూ చప్పట్లు కొడితే, ఆమె ఎడమ అరచేతి మీద కుడి పిడికిలితో గుద్దేది. ఏడాది తిరిగేసరికి బాప్తిస్మానికి పేరు ఇచ్చింది.

తుంగభద్ర కాలువకు మా వైపు కొత్తగా నీళ్ళు వచ్చిన ఏడు అది. ఆ కాలువలోనే బాప్తిస్మం. మా పాస్టరును అందరం అయ్యగారు అనేవాళ్ళం. ఎమ్మిగనూరు నుంచి సైకిలు మీద వచ్చేవాడు, మంచివాడు, కాస్త భయస్తుడు. ఆయన అవ్వను ముంచి లేపాడు. అందరూ పాట ఎత్తుకుంటున్నారు. అవ్వ గట్టెక్కలేదు. నడుంలోతు నీళ్ళలో నిలబడి, కుడిచెయ్యి చాచి, "ఈ సెయ్యి ఇంకొంచేపు ముంచు అయ్యగారూ" అంది. ఆయన నవ్వి, ఒళ్ళంతా మునిగాక చెయ్యి వేరే ఉంటుందా అన్నాడు. ఆమె కదల్లేదు. చివరికి ఆయన ఆ పిడికిలి పట్టుకుని నీళ్ళలో అదిమి, పాట ఒక చరణం అయ్యేవరకూ ఉంచాడు. గట్టు మీద మేమంతా నవ్వుకున్నాం. అవ్వ నవ్వలేదు.

తర్వాత మూడు నెలలు ఆమె వేరే మనిషి. నిద్ర పడుతోందని చెప్పేది. కుక్క అరిచినా, పాము కనబడినా, తలనొప్పి వచ్చినా ఇక ఉలిక్కిపడటం లేదని చెప్పేది. అన్నేళ్ళూ ఉలిక్కిపడుతూ ఉండేదని నాకు అప్పుడే తెలిసింది. అయినా నిప్పు మాత్రం ఇవ్వలేదు, పిడికిలి విప్పలేదు.

మూడు నెలలకు ఒకసారి మాకు ప్రభువు బల్ల. వరసగా మోకరించి, ఎడమచేతి మీద కుడి అరచెయ్యి తెరిచి పెడితే అయ్యగారు రొట్టెముక్క పెడతాడు. అవ్వకు అదే మొదటిసారి. నా పక్కనే మోకరించింది. అయ్యగారు ఆమె ముందుకు వచ్చి నిలబడ్డాడు. కుడిచెయ్యి చాచింది గానీ పిడికిలి తెరుచుకోలేదు. "చెయ్యి తెరువు అవ్వా" అన్నాడు. ఆమె మెడ నరాలు బిగుసుకోవడం నాకు కనిపించింది. చెయ్యి వెనక్కి తీసుకుని, లేచి, అందరి మధ్యనుంచీ నడుచుకుంటూ బయటికి పోయింది.

మరునాడు మధ్యాహ్నం పిల్లలు అన్నాలకు పోయినప్పుడు బడికి వచ్చింది. నల్లబల్ల దగ్గర నేలమీద కూర్చుని, ఏ ముందుమాటా లేకుండా చెప్పింది.

"ఆ పొద్దు పై ఇంటి నుంచి పిడక మింద నిప్పు తెచ్చుకుంటాంటి. వామి పక్కన గాలి లేసింది. నిప్పుకణిక ఎగిరి పడింది. సూసినా. ఆర్పుదామని కొంగుతో కొట్టినా, ఇంకా రేగింది. ఇంట్లోకి పోయి తలుపేసుకుంటి. కాల్సింది నేనమ్మా. వాడు గాదు."

నేను చేతిలోని సుద్దముక్క కింద పెట్టాను.

"పెద్దోళ్ళు అడిగినప్పుడు ఒక్క మాట జారింది, వాడు ఆ పక్క పోయినట్టుండె అని. అనుమానం నా మింద నుంచి పోతే సాలనుకుంటి. ఆ ఒక్క మాట నన్ను కట్ట కాడికి ఈడ్సుకపోయింది. కర్పూరం సేతిలో ఎంతసేపు పట్టుకున్నానో నాకే తెలీదు. సచ్చిపోతాననుకుంటి. సావలేదు. సచ్చింటే వాడు నింద నుంచి బయటపడుండు."

సుంకులమ్మ దెబ్బ నుంచి తప్పించుకోవడానికే యేసు దగ్గరికి వచ్చాననీ, నీళ్ళలో ముంచితే కర్పూరం ఆరిపోతుందనుకున్నాననీ చెప్పింది. ఆమె పిడికిలిని అయ్యగారు నీళ్ళలో అదిమింది, మేము గట్టుమీద నవ్వింది నా కళ్ళముందు కదిలి, తల ఎత్తలేకపోయాను.

కానీ నోరు తెరిచేసరికి పంతులమ్మ బుద్ధే. "దేవుడు నిన్ను క్షమించాడు అవ్వా. ఇక ఎవరికీ చెప్పొద్దు. తెలిస్తే ఊరివాళ్ళు గేరి మీదికి వస్తారు. క్రైస్తవుల్లో కలిసిన మనిషి ఇలాంటిదని మన గుడికే మాట వస్తుంది" అన్నాను. నా భయమంతా ఆ చివరి ముక్కలోనే ఉంది. అవ్వ తల అడ్డంగా ఊపింది.

"కాల్లో ముల్లు ఇరిగితే ఏం సేస్తావమ్మా? ముల్లు తియ్యకుండా పైన కట్టు గడితే నడవగలవా?"

అయ్యగారు వచ్చినప్పుడు ఆయనకూ చెప్పింది. దేవుని ముందర ఒప్పుకున్నావు గదా, అది చాలు, అన్నాడు.

"నేను కాల్సింది దేవుని వామి గాదు అయ్యగారూ" అంది అవ్వ. "దేవుడు క్షమించినాడు. అది నాకి తెలుసు. తెలిసినాకనే ఈ ధైర్యం వచ్చింది. సుంకులమ్మ కాడ తప్పించుకుండేకి నేను ఈడికి వస్తి. ఆయప్ప నన్ను తప్పించేకి ఒప్పుకోల్యా. ఇడిపిస్తా రా అంటాండాడు."

ముందు ఎవరికి చెప్పాలనే మాట వచ్చినప్పుడు, "కూలిపోయింది వాని ఇల్లు" అంది.

అలా అవ్వా నేనూ ఆదోని పోయాం. వద్దన్న నోటితోనే వస్తానన్నాను, ఎందుకో అడగకండి. బస్సులో అవ్వ కిటికీ పక్కన కూర్చుని, దారి పొడుగునా చేలలోని వాముల్నే చూసింది. పత్తి మిల్లు ఆవరణలో దూది ఎగురుతూ ఉంది. నింద మోసిన ఆ మనిషి బేలు దించి, తలగుడ్డ విప్పి చెమట తుడుచుకుంటూ వచ్చాడు. ముప్పై అయిదు ఉంటాయేమో, కనుబొమలు దూదితో నెరిసినట్టున్నాయి. వరసకు అవ్వను అత్తా అని పిలవాలి. పిలవలేదు. నిలబడి వింటూ ఉన్నాడు. అవ్వ బడిలో నాతో చెప్పినట్టే, ఒక్క ముక్క తగ్గించకుండా చెప్పింది.

అతను అన్నాడు. "మాయమ్మ సచ్చిపోతే మట్టెయ్యనీక నన్ను ఊళ్ళోకి రానీల్యా. తెలుసా?"

"తెలుసు నాయనా. ఆ పొద్దు నేను మీ గడప కాడనే ఉంటి."

"ఉండి?"

"నోరు తెరవల్యా."

అతని చెయ్యి లేచింది. కొడతాడనే అనుకున్నాను. అవ్వ తల పక్కకు తిప్పుకోలేదు. అతను చెయ్యి దించి, తలగుడ్డ మళ్ళీ చుట్టుకున్నాడు. "నాకి సెప్తే ఏం? నేను కాల్సలేదని నాకి తెలీదా? యాడ ఆర్పినావో ఆడ సెప్పు" అని బేళ్ళ దగ్గరికి వెళ్ళిపోయాడు. క్షమించాననలేదు. తిరుగుదారిలో నేను ఏడుస్తుంటే అవ్వ, "యాల ఏడుస్తావు? వాడు సరిగ్గానే సెప్పినాడు" అంది.

ఉగాది మరునాడు ఆ ఏటికి జీతగాళ్ళను మాట్లాడుకునేందుకు ఊరంతా సుంకులమ్మ కట్ట దగ్గర చేరుతుంది. అవ్వ ఆ రోజును ఎంచుకుంది. తెల్లవారుజామునే తలంటుకుని, ఉన్న రెండు కోకల్లో మంచిది కట్టుకుంది. అయ్యగారు ఆమెతో వచ్చాడు. భయస్తుడే, అయినా వచ్చాడు. గేరిజనం నిలబడే చోటు దాటి అవ్వ నాలుగడుగులు ముందుకు పోయింది. ఎవరో వెనక్కి పొమ్మని గదమాయించారు. పోలేదు. అందరికీ వినబడేలా చెప్పింది.

గోల లేచింది. ఊరిపెద్ద చెయ్యెత్తి మాన్పించాడు. "ఆ పొద్దు కర్పూరం ఆర్పి ఒక మాట సెప్పినావు. ఇప్పుడు ఇంకో మాట. ఏది నమ్మల్ల? మతం మారినావు, వీళ్ళు ఎవరో నూరిపోసినారు. నిజమైతే మళ్ళా ఆర్పు" అన్నాడు. అప్పటికే ఎవరో పళ్ళెంలో కర్పూరం వెలిగించి తెచ్చారు.

ఆర్పకపోతే నమ్మరు, అతని పేరుకు అంటిన మసి పోదు. ఆర్పితే ఆమె నమ్ముకున్న ప్రభువు ముందు మళ్ళీ భయానికి లొంగినట్టే. ఆర్పినా తప్పేముంది, నిజమే కదా అని కూడా నాకు ఒక క్షణం అనిపించింది. అవ్వ పళ్ళెం వైపు చూసింది. తర్వాత కుడిచెయ్యి పైకెత్తి, అన్నేళ్ళ తర్వాత మొదటిసారి, అందరి ముందూ పిడికిలి విప్పింది.

"సుంకులమ్మను నేను ఒక్క మాట అనను. అబద్ధానికి ఆమెను అడ్డం పెట్టుకున్నదాన్ని, ఆమె పేరెత్తే మొగం నాకి లేదు. అబద్ధం సెప్పేకి నాకి కర్పూరం కావల్సొచ్చింది అప్పా, ఇదిగో మచ్చ. నిజం సెప్పేకి అక్కరలేదు. ఆ పొద్దు దెబ్బ తప్పించుకుండేకి సెప్తి. ఈ పొద్దు దెబ్బకు నేనే ఎదురొచ్చి నిలబడినా. తన్నులు తినేకి ఎవరన్నా అబద్ధం సెప్తారా?"

పళ్ళెంలో కర్పూరం దానంతటదే కరిగి ఆరిపోయింది. వామి పోగొట్టుకున్న రైతు అరుగు మీదనుంచి లేచాడు. ముసలివాడైపోయాడు అప్పటికి. అవ్వకు రెండడుగుల దూరంలో వచ్చి నిలబడి, "నా ఎద్దులు" అన్నాడు.

"ఎద్దుల్ని తేల్యాను అప్పా. వామి పెడతా" అంది అవ్వ. "మోపు మోపు మోసి, అదే తావులో, అంతే ఎత్తు పెడతా. సచ్చేలోగా పెడతా."

కొందరు నవ్వారు, కొందరు తిట్టారు. కొన్నాళ్ళు ఎవరూ ఆమెను కూలికి పిలవలేదు. గేరిలో కూడా ఆడవాళ్ళు మొహం తిప్పుకున్నారు. అవ్వ మాట అంటే చాలనుకున్న నోళ్ళే దొంగది అన్నాయి. ఆ తర్వాతి బల్ల రోజున అవ్వ మోకరించి, ఎడమచేతి మీద కుడిచెయ్యి తెరిచి పెట్టింది. అయ్యగారు ఆ మచ్చ మీదనే రొట్టె పెట్టాడు. ఆయనకు కళ్ళనీళ్ళు ఆగలేదు. ఆమె మాత్రం ఆకలిగొన్న మనిషిలాగా గబుక్కున తినేసింది.

ఇక ఆ తర్వాత రెండేళ్ళూ నేను రోజూ చూసిన దృశ్యం ఒక్కటే. పొద్దు వాలే వేళకు అవ్వ తలమీద మోపుతో గేరి దాటి ఆ రైతు కళ్ళంలోకి పోయేది. జొన్నకోతలకు పిలిస్తే కూలి గింజలు సగమే తీసుకుని, మిగతా సగానికి చొప్ప ఇమ్మనేది. కోతలు లేని రోజుల్లో గట్ల మీద గడ్డి. మొదట ఆ రైతు కొడుకులు మోపును కాలితో తన్నేవాళ్ళు. ఆమె ఏరి మళ్ళీ పేర్చేది. వాన తడిపితే విప్పి ఆరబెట్టి మళ్ళీ కట్టేది. ఎవరైనా ఎగతాళి చేస్తే, "మీ యెద్దులకు తినేకి పండ్లున్నాయి, నాకి మోసేకి సేతులుండాయి" అనేది.

ఒకసారి అయ్యగారు ఆమెను ఆపాడు. అవ్వా, నీ పాపానికి వెల ప్రభువే చెల్లించాడు, నువ్వు ఈ మోపులతో మళ్ళీ కడుతున్నావా అని అడిగాడు. నెత్తిన మోపు దించకుండానే జవాబు చెప్పింది.

"ఇడుదల కోసరం మోస్తాండాననుకుంటివా అయ్యగారూ? ఇడుదల రాకముందు ఒక్క గడ్డిపోస ఎత్తలేకపోతి. ఎత్తితే దొరికిపోతానని భయం. ఇప్పుడు నాకి భయం లేదు, అందుకే మోస్తాండా. పక్కకు జరుగు, మెడ నొస్తాంది."

సంగతి ఆదోని దాకా చేరింది. రెండో ఏడు కోతలయ్యాక ఒక ఉదయం బండి ఒకటి గేరిలోకి వచ్చింది. అందులో నాలుగు సామాన్లు, ఇద్దరు పిల్లలు, అతని భార్య. అతను బండి పక్కన నడుస్తూ వచ్చాడు. మొండిగోడల మధ్య తుమ్మచెట్టును తనే నరికాడు. అవ్వ తన గడపలో కూర్చుని చూస్తూ ఉంది. అతను అటు తిరగలేదు, ఆమె లేచి పోలేదు. నేను పోయి పలకరించమంటే, "వాని ఊరికి వాడు వచ్చినాడు. నేను అడ్డం పోగూడదు" అంది.

మధ్యాహ్నానికి తాటాకులు, బోద వేసి కప్పు నిలబెట్టారు. భార్య మూడు రాళ్ళు పెట్టి పొయ్యి చేసింది. అతను నేలమీద పడి ఉన్న పిడక ముక్క ఒకటి తీసుకుని వీధిలోకి వచ్చాడు. గేరిలో నాలుగైదు కప్పుల మీద పొగ లేస్తూ ఉంది. వాటన్నిటినీ చూశాడు. చూసి, తిన్నగా అవ్వ గడప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"అత్తా, నిప్పుందా?"

అవ్వ గోడ పట్టుకుని లేచింది. లోపలికి పోయి ఎంతసేపటికీ రాలేదు. వచ్చేసరికి పిడక మీద నిప్పు, దానిమీద బోర్లించిన మూకుడు. అతను చెయ్యి చాచాడు. ఆమె ఇవ్వలేదు. "నేనే తెస్తా నాయనా. గాలుండాది" అంది. రెండు చేతులా పట్టుకుని, వీధి నడిమధ్యన, ఎవరి గడ్డికీ చూరుకీ దగ్గర పోకుండా, అడుగులో అడుగు వేసుకుంటూ నడిచింది. అతను గాలి వీచే వైపు ఆమెకు అడ్డంగా నడిచాడు. తొమ్మిది ఇళ్ళ దూరం. గేరి అంతా గడపల్లోకి వచ్చి చూస్తూ ఉంది.

కాసేపటికి ఆ కొత్త కప్పు మీద పొగ లేచింది. అవ్వ మూకుడు పట్టుకుని వెనక్కి వచ్చింది. తన ఇంటిలోకి పోబోతూ ఆగి, నా గడప వైపు తిరిగింది.

"పంతులమ్మా, నిప్పు కావల్లా?"

నా పొయ్యి మండుతూనే ఉంది. కావాలన్నాను.